ఓషధి, ఆతపము, మితి

మహబూబునగరము నుండి రాయచూరునకు బోవు రాజమార్గముపై, కృష్ణానది తెలంగాణమున ప్రవేశించు తంగిడికి అనతిదూరమున, ఎర్రనేలలును నల్లరేగళ్ళును కలగలసిన మెరకభూములలో నెలకొన్న మక్తల్ పట్టణము భూమధ్యరేఖకు ఉత్తరమున రమారమి 16½ డిగ్రీల అక్షాంశముపై నున్నది. ఇందుచేత సూర్యుడు ఏటేట రెండుమారులు, మే మొదటివారమున నొకసారి, ఆగస్టు మొదటివారమున మరియొకసారి, ఈ ఊరివారి నడినెత్తిపైకి వచ్చును. తక్కిన కాలమున సైతము ఆయన ఇచ్చట ఎన్నడును మిక్కిలి వాలిపోడు. కంది, ప్రత్తి, జొన్న చేలలో పొద్దుపొడుపు మొదలు పొద్దుగూకువరకు వంగి పనిచేయువారును, పాలమూరు లేబరను పేర దూరప్రాంతములకు వలసబోయి కాలువలు త్రవ్వి కట్టలు పోసినవారును ఈ యెండను తరతరములుగా వీపుపై భరించినవారే.

ఆ భారమును వారికి సహ్యముగా జేసినది చర్మములోని మెలనిన్ అను నల్లని వర్ణద్రవ్యము. చర్మపు పైపొర అడుగున నుండు కొన్ని ప్రత్యేకకణములు దీనిని తయారుచేసి చుట్టుప్రక్కల కణములకు పంచిపెట్టును; ఆ కణములు దానిని తమ కేంద్రకముపై పొరగా పరచుకొని, అతినీలలోహిత కిరణములు లోనికి దిగకుండ కాపాడుకొనును. ఏ కారణముచేతనైనను శరీరపు రక్షణవ్యవస్థయే ఆ వర్ణకణములపై తిరుగబడి వానిని నశింపజేసినచో, చర్మము పాలవలె తెల్లబడును. దీనినే మనవారు బొల్లి యనిరి. ఈ వ్యాధి నొప్పింపదు, అంటుకొనదు, ప్రాణమును తీయదు. అయినను పెళ్ళిసంబంధము కుదిరిన యింట చేతివ్రేలిపై తెల్లమచ్చ యొకటి కనబడినచో ఆ యింటి ఆడపిల్ల పడు వేదన యెంతటిదో మన పల్లెలలో ఎరుగనివారు లేరు.

ఈ వేదనకు మూలము చాలమట్టుకు ఒక పొరపాటు. తెల్లమచ్చ కనబడగానే కుష్ఠురోగమని జడిసి దూరముగా తొలగుట మనలో పూర్వమునుండియు కలదు. కుష్ఠుమచ్చ సాధారణముగా పాలిపోయి యుండునే కాని పూర్తిగా తెల్లబడదు. అచ్చట స్పర్శ మందగించును. బొల్లిమచ్చ తెల్లగా నుండును, గిచ్చినచో చక్కగా నొప్పి తెలియును. కుష్ఠువునకు సైతము నేడు సంపూర్ణమైన చికిత్స కలదు. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను స్కాట్లండు వైద్యురాలు 1915 ప్రాంతమున స్థాపించిన ఆసుపత్రిలో చాల్‌ముగ్రా గింజలనూనెతో ఆ రోగులకు వైద్యము చేసిన కాలమునుండి మనము ఎంతో దూరము వచ్చితిమి. ఈ రెండు వ్యాధులను వేరుపరచి తెలిసికొనుట మొదటి మేలు. బొల్లికి నివారణ వెదకుట రెండవది. ఈ రెండవదానికి దారిచూపిన వస్తువు ఏ సుదూరదేశమునుండియు రాలేదు. అది మన చేలగట్లపైనే మొలచినది.

బావంచాలు

వర్షములు పడిన పిమ్మట బీడులలోను, రోడ్లప్రక్కలను మూడునాలుగడుగుల యెత్తున నిటారుగా ఎదుగు ఒక ఏకవార్షికపు మొక్క కలదు. దాని ఆకులు గుండ్రనివి, అంచులు కొంచెము గరుకుగా పండ్లుదీరి యుండును. ఆకును వెలుతురుకెత్తి చూచినచో ఇరుప్రక్కలను నల్లని చుక్కలు చల్లినట్లు కనబడును. అవి నూనెగ్రంథులు. పూలు మిక్కిలి చిన్నవి, నీలముతో కలసిన ఊదారంగువి, గుత్తులుగా పూచును. కాయలో ఒక్కటే గింజ. కాయతోలు గింజను విడువక అంటుకొనియే యుండును గనుక మనము గింజలనుకొని కొనునవి నిజమునకు కాయలే. అవి నల్లగా, గుంటలు పడి, చిన్న మూత్రపిండాకృతితో నుండును. నలిపినచో ఘాటైన వాసన వేయును, నాలుకపై పెట్టినచో చేదుగా జిగురుగా తోచును. ఇవియే మూలికలమ్మువారి దుకాణములలో దొరకు బావంచాలు, సంస్కృతమున బాకుచి.

ఈ గింజలను నూరి తెల్లమచ్చపై పూసి యెండలో కూర్చుండుట మన దేశమున అతిప్రాచీనమైన చికిత్స. అథర్వవేదమునందే తెల్లమచ్చలను పోగొట్టుటకు ఓషధులను ప్రార్థించు సూక్తములున్నవి. చరకసంహిత చికిత్సాస్థానమున శ్విత్రమునకు, అనగా బొల్లికి, చెప్పిన విధానము మరింత ఆశ్చర్యము గొలుపును. అందు కాకోదుంబరము, అనగా మేడిజాతికి చెందిన యొక అడవిచెట్టు, దాని రసమును బెల్లముతో త్రాగించి, దేహమునకు నూనె పట్టించి, రోగి బలమునకు తగినంతసేపు సూర్యరశ్మిలో నుంచవలెనని ఆచార్యుడు విధించెను. మచ్చలపై బొబ్బలు లేచినచో వానిని చీల్చవలసిన విధమును చెప్పెను. మేడి, అత్తి జాతుల పాలలో బావంచాలలోనున్న పదార్థము వంటిదే కలదని నేటి రసాయనశాస్త్రము చెప్పుచున్నది. మందు త్రాగినంతమాత్రమున చాలదు, ఎండలో నుండవలెననియు, ఆ యెండ రోగి బలమునుబట్టి కొలచి యీయవలసినదనియు గ్రహించిన ఆ పరిశీలనాదృష్టికి చేతులెత్తి నమస్కరింపవలసియున్నది.

మన దేశమున నిట్లుండగా, నైలునది లోయలో వాముజాతికి దగ్గరిచుట్టమైన యొక మొక్క గింజలను ప్రజలు ఇదే పనికి వాడుచుండిరి. పదుమూడవ శతాబ్దపు మహావైద్యుడు ఇబ్నుల్ బైతార్ తన ఓషధీగ్రంథమున, ఉత్తరాఫ్రికాలోని యొక తెగవారు ఈ గింజలపొడిని తినిపించి, రోగిని ఎండలో కూర్చుండబెట్టి, తెల్లమచ్చలను మాన్పుదురని వ్రాసెను. యునానీ వైద్యులు దీనిని అత్రీలాల్ అందురు. బొల్లిని బరస్ అందురు. ఆ శాస్త్రము నిజాముల పోషణలో హైదరాబాదున వేళ్ళూనినది. మక్తల్ సీమ ఆ రాజ్యమునందలి భాగమే గనుక, ఇచ్చటి రోగులకు ఆయుర్వేదపు బాకుచియు, అదే గింజను యునానీవారు పిలుచు బాబ్చీయు, ఇంటిపెద్దల బావంచాలును మూడుదారులలో వచ్చిచేరిన ఒకే మందు.

గింజనుండి అణువునకు

అనుభవము ఎంత ప్రాచీనమైనను, గింజలో పనిచేయు పదార్థము ఏదో తెలియనంతకాలము మోతాదును నిర్ణయించుట అసాధ్యము. ఒక చేని గింజలో బలమెక్కువ, మరియొక చేని గింజలో తక్కువ. ఒక సంవత్సరపు పంట తీక్ష్ణము, మరుసటి సంవత్సరపుది సాధువు. కలకత్తాలోని ఉష్ణమండలవ్యాధుల విద్యాలయమున రామనాథ్ చోప్రా తన సహచరునితో కలసి 1927 లో ఈ గింజల గుణములను పరీక్షించెను. 1933 లో మైసూరు సంస్థానమునకు చెందిన జోయిస్, మంజునాథ్ అను రసాయనశాస్త్రజ్ఞులు తమ సహచరునితో కూడి ఈ గింజలనుండి స్ఫటికరూపమైన పదార్థమును వేరుచేసిరి. మొక్క శాస్త్రనామమునుబట్టి దానికి సోరలెన్ అని పేరువచ్చినది.

ఆ దశాబ్దమునందే వాల్తేరులోని ఆంధ్రవిశ్వవిద్యాలయమున తిరువేంగడము రాజేంద్రము శేషాద్రిగారు మొక్కల వర్ణద్రవ్యముల రసాయనమునకు ఒక గొప్ప పాఠశాలను నెలకొల్పి, మన కానుగగింజలలోని కరంజిన్ మొదలైన పదార్థముల నిర్మాణమును శిష్యులతో కూడి శోధించుచుండిరి. కరంజిన్‌లో సైతము సోరలెన్‌లోని ఫ్యూరాన్ వలయమే యొకటి కలదు. ఊరివాకిటి చెట్టును ప్రయోగశాలకు తెచ్చి దాని అంతరంగమును చదువుట తెలుగుగడ్డపై అట్లు మొదలైనది.

సోరలెన్‌కు అన్నదమ్ముని వంటి పదార్థమును నైలులోయ గింజలనుండి ఈజిప్టు రసాయనశాస్త్రజ్ఞులు 1947 లో వేరుచేసిరి. దానిని కైరోలో అబ్దుల్ మునీం అల్ ముఫ్తీ అను చర్మవైద్యుడు బొల్లిరోగులకిచ్చి, సూర్యరశ్మిలో నుంచి, వచ్చిన ఫలితములను 1948 లో ప్రకటించెను. 1953 లో అమెరికా వైద్యులు దానిని తమ రోగులపై పరీక్షించిరి. 1974 లో హార్వర్డులో ప్యారిష్, ఫిట్జ్‌పాట్రిక్, టానెన్‌బామ్‌లతో పాటు భారతసంతతికి చెందిన మధు పాఠక్ పనిచేసి, సోరలెన్ జాతి మందునిచ్చి, ప్రత్యేకదీపముల నుండి యూవీఏ అను అతినీలలోహిత కిరణములను కొలత ప్రకారము ప్రసరింపజేసినచో సోరియాసిస్ అను మొండి చర్మవ్యాధి అణగునని చూపిరి. పూవా అని ప్రసిద్ధికెక్కిన చికిత్స ఇదియే. దీపములు లేనిచోట ఎండనే దీపముగా వాడు పద్ధతికి పూవాసోల్ అని పేరు. మన దేశమున అదియే మిక్కిలి వ్యాప్తికి వచ్చినది.

అణువు చేయు పని

సోరలెన్ మూడు వలయములు వరుసగా అతుకుకొని యున్న బల్లపరుపైన చిన్న అణువు. చీకటిలో అది చర్మమున కేమియు చేయదు. జీవకణపు కేంద్రకములో డీఎన్ఏ మెలితిరిగిన నిచ్చెనవలె నున్నదని పాఠకులెరుగుదురు. సోరలెన్ అణువు తన బల్లపరుపుతనముచేత ఆ నిచ్చెనలోని రెండు మెట్ల నడుమ జొరబడి, నిరపాయముగా వేచియుండును. 320 మొదలు 400 నానోమీటర్ల వరకు తరంగదైర్ఘ్యముగల యూవీఏ కిరణము తగిలినంతనే అది మేల్కొని, ప్రక్కనున్న థైమిన్ అను భాగముతో గట్టిబంధము వేసికొనును. రెండవ కిరణకణము తగిలినచో దాని రెండవకొన ఎదుటిప్రక్క థైమిన్‌ను పట్టుకొనును. అప్పుడు నిచ్చెన రెండు కమ్ములును ఒకదానికొకటి కట్టివేయబడును. కమ్ములు విడిపోనిదే కణము విభజన చెందజాలదు. సోరియాసిస్‌లో చర్మకణములు అదుపుతప్పిన వేగముతో విభజన చెందుట, ఆ వేగమును ప్రేరేపించు రక్షణకణములు చర్మమున గుమిగూడుట వ్యాధికి మూలము గనుక, ఈ రెంటిపైనను సోరలెన్ కళ్ళెము వేయును.

బొల్లిలో జరుగునది వేరు. అక్కడ వర్ణకణములు నశించినను, వెంట్రుకల కుదుళ్ళలో కొన్ని లేతకణములు మిగిలియుండును. సోరలెన్‌తో కలసిన వెలుతురు చర్మములో తిరుగబడిన రక్షణకణములను అణచి, ఆ లేతకణములను మేల్కొలిపి పైకి రప్పించును. చికిత్స ఫలించుచున్నదనుటకు మొదటి గుర్తు మచ్చ అంచున కనబడకపోవచ్చును. మచ్చ నడుమ ఒక్కొక్క వెంట్రుక మొదట చిన్న గోధుమరంగు చుక్క పుట్టును. వారములు గడచినకొలది చుక్కలు విస్తరించి, ఒకదానినొకటి కలసికొని, తుదకు మచ్చ నంతటిని కప్పివేయును. దీనికి నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరమునకు పైగా పట్టును. మచ్చపై వెంట్రుకలు నల్లగానే యున్నచో ఆశ ఎక్కువ, తెల్లబడినచో తక్కువ. పెదవులు, వ్రేళ్ళకొనలు మొదలైన వెంట్రుకలు లేని తావులలో ఈ మందు అంతగా పనిచేయకపోవుటకు కారణము ఇదియే.

ఈ అణువుయొక్క వినియోగము చర్మముతో ఆగలేదు. 1987 లో అమెరికాలో రిచర్డ్ ఎడెల్సన్ బృందమువారు, చర్మమునకు ప్రాకిన ఒకవిధమైన రక్తకణముల కాన్సరునందు, రోగి రక్తమును కొంత వెలికిదీసి, తెల్లకణములను వేరుచేసి, సోరలెన్ జాతి మందు కలిపి, యూవీఏ వెలుతురును ప్రసరింపజేసి, తిరిగి శరీరమున కెక్కించు చికిత్సను ప్రకటించిరి. మరుసటి సంవత్సరమే దానికి అమెరికా ప్రభుత్వపు ఆమోదము లభించెను. ఎండసోకని రక్తమునకు సైతము వెలుతురుమందు చేరిన విధమిది.

మొక్కకేల ఈ ఆయుధము?

మన రోగములను మాన్పుటకై మొక్క ఈ పదార్థమును తయారుచేయలేదు. పురుగులును బూజులును తన్ను తినకుండుటకు అది దీనిని సమకూర్చుకొనినది. ఆకును కొరికి పగటివేళ తిరుగు పురుగు శరీరములో సోరలెన్ చేరినచో సూర్యరశ్మియే దానికి మృత్యువగును. ఆకును చుట్టచుట్టుకొని ఆ నీడలో దాగి తిను కొన్ని పురుగులు ఈ ప్రమాదమును తప్పించుకొనుట కీటకశాస్త్రజ్ఞులు గమనించిరి. సెలరీ యను విదేశపు ఆకుకూరకు బూజుతెగులు పట్టినప్పుడు దానిలో ఈ పదార్థములు మిక్కుటముగా పెరిగి, ఎండలో ఆ పంటను కోయు కూలీల చేతులపై బొబ్బలు లేచుట ప్రసిద్ధవిషయము. నిమ్మజాతి తొక్కలలోను ఇవి కలవు. నిమ్మరసము చేతులకంటిన పిమ్మట ఎండలో నిలిచినవారికి చారలుచారలుగా చర్మము కమలి, నల్లమచ్చలు వారములకొలది నిలిచిపోవుట కలదు. మనము శివునకర్పించు మారేడుపండులో మార్మెలోసిన్ అనునది ఈ వంశమునకు చెందినదే.

పచ్చదనములోని నిప్పు

సోరలెన్ పద్ధతికి ప్రాణవాయువుతో అంతగా పనిలేదు. అణువే స్వయముగా డీఎన్ఏను పట్టుకొనును. వెలుతురుమందులలో రెండవ పాయ కలదు. అందు అణువు వెలుతురును త్రాగి, ఆ శక్తిని ప్రక్కనున్న ప్రాణవాయువునకందించి, దానిని ప్రచండమైన రూపమునకు మార్చును. ఆ ప్రాణవాయువు తగిలిన కణభాగమును కాల్చివేయును. దాని ఆయువు సెకండులో పదిలక్షలవ వంతులు కొన్ని మాత్రమే గనుక పుట్టినచోటు దాటి పోజాలదు. వైద్యునకు కావలసిన గుణము సరిగా ఇదియే, ఏలయన వెలుతురు పడినచోట మాత్రమే అది పనిచేయును.

ఈ రహస్యము మ్యూనిక్‌లో టాపైనర్ అను ఆచార్యునికడ చదువుకొనుచున్న ఆస్కార్ రాబ్ అను విద్యార్థికి అనుకోకుండ దొరకినది. అతడు అక్రిడిన్ అను రంగుద్రావణములో నీటిసూక్ష్మజీవులెంతసేపటికి చచ్చునో కొలుచుచుండగా, ఒకే ద్రావణము ఒకనాడు వేగముగాను, మరియొకనాడు మెల్లగాను పనిచేయుట చూచి, ఈ భేదమునకు కారణము ఆనాటి వెలుతురే యని కనిపెట్టి, 1900 లో ప్రకటించెను. 1903 లో టాపైనర్ తన సహచరునితో కూడి ఇయోసిన్ అను రంగునుపూసి, వెలుతురు ప్రసరింపజేసి, చర్మపు కాన్సరునకు చికిత్స చేసెను. 1912 లో మేయర్ బెట్జ్ అను జర్మను వైద్యుడు రక్తపు ఎరుపునుండి తీసిన పోర్ఫిరిన్‌ను తనకే సూదిద్వారా ఎక్కించుకొని ఎండకు వెడలగా, ముఖమును చేతులును గుర్తుపట్టలేనంతగా వాచి, చాలవారములవరకు ఆయన వెలుతురును సహింపలేకపోయెను. ఆ పరిశోధనాశీలుని శరీరము లోకమునకు నేర్పిన పాఠమేమనగా, పోర్ఫిరిన్ కూడిన దేహమునకు ఎండయే మందు, ఎండయే విషము.

రక్తమునకు ఎరుపునిచ్చునదియు, ఆకునకు పచ్చదనమునిచ్చునదియు ఒక్క వంశపు అణువులే. మొదటిదాని నడుమ ఇనుము, రెండవదాని నడుమ మెగ్నీషియము. చుట్టునున్న పెద్దవలయము రెంటను ఒక్కవిధమైనదే. ఇట్లుండుటచేత పత్రహరితము సైతము వెలుతురులో ప్రాణవాయువును రెచ్చగొట్టగలదు. మొక్క తన పచ్చదనముచేత తానే కాలిపోకుండుటకు దానిప్రక్కనే క్యారట్‌రంగు పదార్థములను కాపుంచుకొనినది. అవి అధికమైన శక్తిని పుచ్చుకొని వేడిగా వెదజల్లివేయును. పుట్టుకతో పోర్ఫిరిన్ కూడి ఎండసహింపని రోగులకు 1970 మొదలుకొని బీటాకెరోటిన్ ఇచ్చుట ఈ కాపలా విద్యను మొక్కనుండి నేర్చుటయే.

పత్రహరితపు ఈ తీక్ష్ణస్వభావమును మక్తల్ పరిసరముల గొర్రెలకాపరులును పశువులకాపరులును పేరెరుగకయే చూచియుందురు. లాంటానా కంపను మేసిన పశువునకు కాలేయము చెడును. పశువు మేసిన పచ్చిగడ్డిలోని పత్రహరితము కడుపులోని సూక్ష్మజీవులచేత ఫిల్లోఎరిత్రిన్ అను పదార్థముగా మారి, సాధారణముగా పిత్తముతో వెలికిపోవును. కాలేయము చెడినప్పుడు అది రక్తములో చేరి చర్మమునకు వచ్చును. అప్పుడు ఎండలో మేయుచున్న ఆ పశువు చర్మము ఎర్రబడి, పగిలి, పొరలు పొరలుగా ఊడును. అయినను అది అంతటను జరుగదు. నల్లమచ్చలున్నచోట చర్మము క్షేమముగా నుండగా, తెల్లమచ్చలున్నచోట మాత్రమే, గీతగీసినట్లు, పుండుపడును. మూతి, చెవులు, పొదుగు ముందుగా బాధపడును. దక్షిణాఫ్రికాలో మన పల్లేరును మేసిన గొర్రెలకు ఇట్టి వ్యాధియే వచ్చును. ఇట్టి పశువునకు మొదటి చికిత్స నీడ; కంపను మేయనీయకుండుట తరువాతి జాగ్రత్త. మెలనిన్ విలువను ఇంత స్పష్టముగా బోధించు పాఠము మరియొకటి లేదు.

పశువును కాల్చు ఆ గుణమునే వైద్యులు కాన్సరుగడ్డపై త్రిప్పిరి. పత్రహరితమునుండి తయారుచేసిన క్లోరిన్ ఈ6 అను పదార్థమునకు యాస్పార్టిక్ ఆమ్లమును జతపరచి చేసిన టాలపోర్ఫిన్ అను మందునకు, ఊపిరితిత్తుల తొలిదశ కాన్సరు నిమిత్తము, 2003 లో జపానుదేశము అనుమతి నిచ్చినది. మందును రక్తములోని కెక్కించి, కొన్నిగంటల పిమ్మట సన్నని గాజుతంతువును శ్వాసనాళమున దింపి, 664 నానోమీటర్ల ఎర్రని లేజరువెలుతురును గడ్డపైకి పంపుదురు. ఈ ఎరుపు ఏల కావలసెనో గమనింపదగును. యూవీఏ కిరణము చర్మములో మిల్లీమీటరులో కొద్దిభాగము మాత్రమే పోవును. నీలివెలుతురు దానికంటె కొంచెము లోతు. ఎర్రని వెలుతురు కొన్ని మిల్లీమీటర్లు దిగును. పత్రహరితము ఎరుపును బాగుగా త్రాగును గనుక లోతైన పనికి అది తగినది. నిజామాబాదు మార్కెట్టుకు బస్తాలకొలది వచ్చు పసుపులోని కుర్కుమిన్‌ను సైతము పరిశోధకులు ఈ దృష్టితో చూచుచున్నారు. అది 425 నానోమీటర్ల ప్రాంతమున నీలివెలుతురును త్రాగును గనుక, లోతుతో పనిలేని నోటిలోని సూక్ష్మజీవులను చంపుటకు పనికివచ్చునాయని పరీక్షలు సాగుచున్నవి. పసుపు తినినంతమాత్రమున ఈ ఫలితము కలుగదు. తిన్న కుర్కుమిన్‌లో రక్తమును చేరునది అత్యల్పము.

ఎర్రగడ్డలోని వైద్యశాల

హైదరాబాదునందు ఎర్రగడ్డలో కేంద్రీయ యునానీ పరిశోధనసంస్థ అను పేర చిరకాలము నడచి, నేడు చర్మవ్యాధుల జాతీయ యునానీ పరిశోధనసంస్థగా పిలువబడు వైద్యాలయము కలదు. బరస్ చికిత్సకు ఇది దేశమంతట పేరుపొందినది. తెలంగాణ జిల్లాలనుండియే గాక పరరాష్ట్రములనుండియు రోగులిచ్చటికి వత్తురు. లోపలికి ఒక మందు, మచ్చలపై పూయుటకు ఒక లేపనము, పిమ్మట ఉదయపుటెండలో కొద్దిసేపు మచ్చలను చూపుట ఇచ్చటి చికిత్సాక్రమము. పదుమూడవ శతాబ్దమున వ్రాయబడిన పద్ధతి ఇరువదియొకటవ శతాబ్దమున రోగిపట్టికలతోను, రక్తపరీక్షలతోను కూడి నడచుట ఇచ్చట చూడవచ్చును. సంప్రదాయమునకు నిజమైన గౌరవము ఇదియేయని నేను తలచెదను. పెద్దలు చెప్పిరని నమ్మి ఊరకుండుటకంటె, వారు చెప్పినదానిని పరీక్షించి, మిగులుదానిని నిలుపుకొనుట వారికి చేయదగిన సేవ.

ఆధునిక చర్మవైద్యము ఈలోగా మరొక మెట్టు నెక్కినది. మందేదియు లేకయే 311 నానోమీటర్ల సన్ననిపట్టీ యూవీబీ దీపములతో బొల్లికి వైద్యము చేయవచ్చునని 1997 లో నెదర్లాండ్సు వైద్యులు చూపిరి. కడుపులో వికారముండదు, కండ్లకు రోజంతయు కాపుండనక్కరలేదు, పిల్లలకును గర్భిణులకును ఈయవచ్చును. దీపములున్న ఆసుపత్రులలో నేడు దీనికే ప్రాధాన్యము. అయినను వారమునకు రెండుమూడుమార్లు నెలల తరబడి దీపముకడకు వెళ్ళగల అవకాశము మక్తల్ పల్లెలలోని కూలీకి సులభముగా లేదు. ఒక్కొక్క ప్రయాణమునకు ఒక్కొక్క దినపు కూలి పోవును. మందుబిళ్ళయు ఎండయు ఇంటికే వచ్చును. పూవాసోల్ మనదేశమున నేటికిని నిలిచియుండుటకు ఇదియొక ముఖ్యకారణము.

మితి

ఈ అధ్యాయమంతయు చెప్పవచ్చినది ఇప్పుడు చెప్పవలసియున్నది. ఆకుమందు గనుక హానిలేదను మాట వెలుతురుమందులయెడ మిక్కిలి ప్రమాదకరమైన భ్రమ. ఇచ్చట మందు ఒకటి కాదు, రెండు. ఓషధి యొకటి, ఆతపము మరియొకటి. రెంటికిని మోతాదు కలదు. గింజలను నూరి మచ్చకు దట్టముగా పట్టించి, వేసవి మధ్యాహ్నమున ఎండలో కూర్చున్నవానికి కలుగునది వైద్యము కాదు, అగ్నిదాహము. పైగా బొబ్బలెత్తి గాయపడిన చర్మమున బొల్లి క్రొత్తగా పుట్టుటయు కలదు.

అందుచేతనే వైద్యులొక క్రమమును ఏర్పరచిరి. కొలతతప్పని మాత్ర, సాధారణముగా మన దేశమున ట్రయాక్సలెన్ అను మృదువైన రకము, ఆహారముతో పుచ్చుకొని, రెండుగంటలు గడచిన పిమ్మట ఎండచూపుట; మొదటినాడు అయిదునిమిషముల వంటి స్వల్పకాలముతో మొదలిడి, మచ్చపై లేతగులాబిరంగు కనబడువరకు మెల్లమెల్లగా పెంచుట; దినముమార్చి దినము చేయుటయే గాని వరుసగా రెండునాళ్ళు చేయకుండుట. ఈ చివరి నియమమునకు గల హేతువును ప్రతి రోగియు ఎరిగియుండవలెను. సామాన్యపు ఎండదెబ్బ ఆనాడే తెలియును. సోరలెన్‌తో కలసిన కాలుట రెండవనాడును మూడవనాడును గాని పూర్తిగా బయటపడదు. నిన్నటి యెండ ఏమియు చేయలేదనుకొని నేడు రెట్టింపు కూర్చున్నవాడు, రెండునాళ్ళ తప్పును ఒక్కమారుగా అనుభవించును.

కంటికటకము మందును పట్టుకొనును గనుక, మాత్ర పుచ్చుకొన్ననాడు పగలంతయు యూవీఏను ఆపు నల్లకండ్లద్దములు ధరింపవలెను; యూవీఏ కిటికీగాజును దాటివచ్చును గనుక ఇంటిలో కిటికీప్రక్క కూర్చున్నను ఈ జాగ్రత్త విడువరాదు. చికిత్స ముగిసినంతనే చేనికి బోవు కూలీ, మిగిలిన దినమంతయు నిండుచేతుల చొక్కాతోను తలపాగతోను ఒడలు కప్పుకొనవలెను. లేనిచో వైద్యుడు విధించిన పదినిమిషములు అర్థములేనివగును. పండ్రెండేండ్లలోపు పిల్లలకును గర్భిణులకును ఈ మాత్రలు తగవు. బావంచాల చూర్ణమును స్వంతముగా తినినవారికి కాలేయము చెడిన ఉదంతములు వైద్యపత్రికల కెక్కినవి. పూవా చికిత్సను పొందిన సోరియాసిస్ రోగులలో చర్మపు కాన్సరు అధికమగుటను అమెరికాలో స్టెర్న్ మొదలైనవారు 1979 లో ప్రకటించిరి; అందలి రోగులు చాలమట్టుకు తెల్లని చర్మముగలవారు, మన చర్మమునకు ఆ భయము తక్కువ. తక్కువయైనను లేకపోలేదు గనుక, ఇచ్చిన మొత్తమును లెక్కపెట్టుచు ఒక హద్దున ఆపుట వైద్యుని విధి.

చరకుడు రోగి బలమునకు తగినంత యనెను. నేటి వైద్యుడు దేహపు కిలోకు ఇన్ని మిల్లీగ్రాములు, చర్మపు చదరపు సెంటీమీటరునకు ఇన్ని జూళ్ళు అనుచున్నాడు. ఈ రెండుమాటల నడుమ వేలయేండ్ల శ్రమ కలదు; అయినను రెండును కోరునది మితినే. మక్తల్ వంటి చోట ఓషధికి కొదువలేదు, ఆతపమునకు అంతకన్న కొదువలేదు; కొరవడినది ఆ మితిని చెప్పు వైద్యుడు మాత్రమే. మహబూబునగరమున 2016 లో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. అట్టి కళాశాలలనుండి చర్మవైద్యులు మండలకేంద్రముల ఆసుపత్రులకు నియతమైన దినములలో వచ్చి, మచ్చను చూచి అది బొల్లియో కుష్ఠువో తేల్చి, మాత్రయు నిమిషములును వ్రాసియిచ్చి, నెలకొకమారు రోగిని మరల చూచినచో, పెద్ద వ్యయమేమియు లేకయే ఎందరో యువతీయువకులు తలయెత్తుకొని బ్రతుకుదురు. ఉపాధ్యాయులు బడిలో ఈ మచ్చ అంటువ్యాధి కాదని పిల్లలకు చెప్పినచో సగముబాధ మందుతో పనిలేకయే తీరును. ఈ రెండును మనచేతిలోని పనులు. వానికి ఇంకను ఏ క్రొత్త ఆవిష్కరణముకొరకును వేచియుండవలసిన పనిలేదు.